తలుపు మూసిన గది

ధ్యాన భాగము: మత్తయి సువార్త 6వ అధ్యాయము, 5 నుండి 8 వచనములు



కొండమీది ప్రసంగములో మన ప్రభువు ధర్మము చేయుటను గూర్చియు, ప్రార్థనను గూర్చియు, ఉపవాసమును గూర్చియు వరుసగా మాటలాడెను. ఈ మూటియందును ఆయన "ఒకవేళ చేసినయెడల" అని చెప్పక, చేయునప్పుడు ఎట్లు చేయవలెనో మాత్రమే చెప్పెను. తన శిష్యులు ప్రార్థింతురనుట ఆయనకు సందేహము లేని సంగతి. ఊపిరి తీయుమని బిడ్డకు ఎవరును ఆజ్ఞాపింపరు గదా! మనము ఎవరి కంట పడుటకై ప్రార్థింతుమనునదియే ఆయన ఎత్తిన ప్రశ్న. మనుష్యులు చూచునట్లు వీధి మూలలయందు నిలిచి ప్రార్థించువారికి ఆ చూపులే జీతమనియు, ఆ జీతము వారికి ముట్టిపోయినదనియు ఆయన సెలవిచ్చెను. అక్కడ వాడబడిన గ్రీకు క్రియాపదము ఆ కాలపు రసీదులలో సొమ్ము పూర్తిగా చెల్లినదని వ్రాయుటకు వాడుచుండిన మాట. రసీదు వ్రాసియిచ్చిన పిమ్మట ఇక రావలసినదేమియు ఉండదు.

ఈ వాక్యభాగముమీద నేను ఎన్ని పర్యాయములు ప్రసంగించితినో లెక్క లేదు. ప్రసంగించిన ప్రతి పర్యాయమును ఆ వేషధారి గుడి వెలుపల ఎక్కడనో నిలిచియున్నట్లే తలంచితిని. అతడు తెల్ల అంగీ తొడుగుకొని బలిపీఠమునొద్దనే నిలిచియుండెనని తెలిసికొనుటకు నాకు చాల కాలము పట్టెను. ఆ సంగతిని సిగ్గుతోనే ఇచట వ్రాయుచున్నాను. నావంటివారు మరి కొందరుండవచ్చును.

నేను గురుపట్టము పొంది 27 సంవత్సరములైనది. పాస్టరు బ్రదుకు ప్రార్థనతో నిండినదని లోకము అనుకొనును. ఒక విధముగా అది నిజమే. ఇంటికి పునాదిరాయి వేయునప్పుడు ప్రార్థన. బోరు వేయునప్పుడు ప్రార్థన. క్రొత్త ట్రాక్టరు తాళము చేతపట్టుకొని ప్రార్థన. బిడ్డను ఉయ్యాలలో వేయు దినమున ప్రార్థన. పదవ తరగతి పరీక్షకు పోవు పిల్లల హాలుటిక్కెట్లమీద చేయి ఉంచి ప్రార్థన. ప్రధానమునకు, పెండ్లికి, సమాధికి ప్రార్థన. నా నోట ప్రార్థన ఎన్నడును ఎండలేదు. మాటలు వాగువలె వచ్చెడివి. "అయ్యగారి ప్రార్థన వింటే కడుపు నిండిపోతుంది" అని సంఘస్థులు చెప్పుకొనుట చెవిని పడినప్పుడు నాకు సంతోషముగానే ఉండెడిది. నా రసీదు నేను పుచ్చుకొనుచున్నానని అప్పుడు తెలియలేదు.

ఆ కాలమందే నా గదిలో ప్రార్థన ఎండిపోయియుండెను. ఎట్లు ఎండెనో చెప్పెదను.

వేదాంత కళాశాలలో చదివిన దినములలో తెల్లవారుజామున 5 గంటలకు గంట కొట్టెడివారు. అరగంటసేపు ఎవరి మంచమునొద్ద వారు మౌనముగా ప్రార్థించుకొనవలెనని నియమము. చదివినన్నాళ్లు నేను ఆ నియమము తప్పలేదు. నేను ప్రార్థనాపరుడనని అనుకొంటిని. చదువు ముగిసి, మొదటి పాస్టరేటుకు వచ్చిన తరువాత గాని నన్ను లేపినది ఆ గంటయేనని తెలియలేదు. గంట లేని ఊరిలో నేనును లేవలేదు.

మొదట సబబైన కారణములే ఉండెను. తొమ్మిది గ్రామములు, వర్షాకాలమున బండి దిగబడు నల్లరేగడి దారులు, రాత్రి కూటములు ముగించుకొని ఇల్లు చేరునప్పటికి అర్ధరాత్రి. ప్రసంగము సిద్ధపరచుకొనుటకై బైబిలు తెరచుచున్నాను గనుక అదియే నా ధ్యానమని లెక్క వేసికొంటిని. పంక్తిలో వడ్డించుటకు గరిటె పట్టినవాడు తానును భుజించితినని భ్రమపడుట వంటిది ఇది. తరువాత సెల్‌ఫోను వచ్చెను. కన్ను తెరవగానే చేయి బైబిలుమీదికి గాక దానిమీదికి పోవుట అలవాటాయెను. ఏ దినమున నా ఏకాంత ప్రార్థన ఆగిపోయెనో నేను చెప్పలేను. బావి ఏ దినమున ఎండినదో ఎవరు చెప్పగలరు? చేద అడుగునకు పోయి రాళ్లకు తగిలిన దినముననే తెలియును.

నా చేద రాళ్లకు తగిలిన దినము ఇది.

నేను కాపురమున్న ఊరి సంఘములో ఒక వృద్ధ విధవరాలు ఉండెను. నాట్లకును, కలుపునకును, మిరపకాయ కోతలకును కూలికి పోయి ఒక్కగానొక్క కుమారుని పెంచినది. ఆ బిడ్డ పెరిగి పెద్దవాడై, ఒకనాడు ఇంటిలో మాటకు మాట పెరిగి, కట్టుబట్టలతో వెళ్లిపోయెను. తాపీ పనికి హైదరాబాదు చేరెనని కొందరును, ముంబయి దాటెనని కొందరును చెప్పిరి. జాబు లేదు, ఫోను లేదు. ఆరాధన ముగిసి నేను గుమ్మమునొద్ద నిలిచి అందరిని పలుకరించుచుండగా, ఆమె కట్టకడపట వచ్చి, కొంగు నెత్తిమీదికి లాగుకొని, ఒక్క మాటయే చెప్పెడిది:

"అయ్యగారూ, నా బిడ్డ సంగతి మరిచిపోకండి."

"ప్రార్థన చేస్తున్నానమ్మా" అని నేను చెప్పెడివాడను.

నాలుగు సంవత్సరములు ఇట్లు జరిగెను. సంవత్సరమునకు 52 ఆదివారములు. నేను ఊరిలో లేని ఆదివారములు కొన్ని తీసివేసినను, ఆ మాట నూట ఎనుబది పర్యాయములకు తక్కువ కాకుండ చెప్పియుందును.

శ్రమకాలములో ఒక బుధవారమున ఆమెకు జ్వరమని తెలిసి, ప్రభుభోజనపు పెట్టె తీసికొని ఆమె యింటికి వెళ్లితిని. రేకుల ఇల్లు, నులకమంచము. నేను స్టూలుమీద తెల్లగుడ్డ పరచి, పళ్లెమును పాత్రయు సర్దుచుండగా ఆమె మెల్లగా మాటలాడసాగెను.

"రాత్రిళ్లు నాకు నిద్ర పట్టేది కాదయ్యగారూ. వాడు ఎక్కడ తిన్నాడో, ఎక్కడ పడుకున్నాడో అని. ఇప్పుడు పడుతోంది. ఈ వేళప్పుడు అయ్యగారు మోకాళ్లమీద ఉంటారు, వాడి సంగతి దేవుడితో చెప్తుంటారు, నాకు రాని మాటలన్నీ ఆయనకు వచ్చు, ఇంక నేను పడుకోవచ్చు అనుకుంటాను. కళ్లు వాటంతటవే మూతపడతాయి."

నేనేమియు పలుకలేదు. క్రమము ప్రకారము పాప సంకీర్తనము చదివితిని, రొట్టె విరిచితిని, ఆమెకిచ్చి నేనును పుచ్చుకొంటిని. నా చేతులు తమ పని తాము చేసికొనిపోయెను. బయటికి వచ్చి బండి తాళము తిప్పబోతిని గాని చేయి వణకెను. ఊరి చివర కాలువ తూముమీద కూర్చుంటిని.

ఆ నాలుగు సంవత్సరములలో ఆ బిడ్డ నిమిత్తము ఒక్క పర్యాయమైనను నేను ఏకాంతముగా ప్రార్థింపలేదు. తప్పిపోయిన వారందరిని జ్ఞాపకము చేసికొనుమని గుడిలో సామాన్యముగా చెప్పినదే తప్ప వేరేమియు లేదు. నేను ఆమెతో చెప్పినదంతయు అబద్ధము. ఒక తల్లి ఆ అబద్ధమును తలక్రింద పెట్టుకొని నిద్రపోవుచున్నది.

ఇప్పుడైనను ప్రార్థింతమని ఆ తూముమీదనే కన్నులు మూసికొంటిని. "ప్రభువా, ఆ బిడ్డను" అని ఆరంభించి ఆగిపోయితిని. అతని పేరు నాకు గుర్తు రాలేదు.

చదువరీ, వాగువలె ప్రార్థించువానికి ఒక్క పేరు కరవైనది! మరచిపోకండని ప్రతి వారము ఆ తల్లి బ్రతిమాలుకొనినను, ఆ పేరు నా చెవిలో పడి నిలిచినది కాదు. వినగోరిన వానికి గదా పేరు నిలుచును.

ఆ సాయంకాలము గుడి తలుపు తీసి, బీరువాలోనుండి బాప్తిస్మపు రిజిస్టర్లు దింపితిని. పురుగు తొలిచిన అంచులు. నాకు ముందున్న పాస్టర్ల చేతివ్రాతలు. గంటసేపు వెదకగా ఆ తల్లిదండ్రుల పేర్లుగల వరుస దొరికెను. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, బాప్తిస్మము పొందిన తేదీ, ఆనాటి పాస్టరు సంతకము. ఆ రిజిస్టరు పట్టుకొని ప్రక్కనున్న సామాను కొట్టులోనికి వెళ్లితిని. చుట్టిన చాపలు, పాడైన మైకు, క్రిస్మసు నక్షత్రము కట్టు వెదురుబద్దలు, కోతకాలపు పండుగకు వచ్చి మిగిలిన రెండు ధాన్యపు బస్తాలు. గుడిలో మోకాళ్లూనుటకు నాకు సిగ్గాయెను. అది నేను పదిమంది యెదుట మాటలాడుటకు అలవాటుపడిన స్థలము; అక్కడ నోరు తెరచినచో మరల ఆ వాగే పారునేమోయని భయపడితిని. కొట్టు తలుపు మూసి, రిజిస్టరు మోకాళ్లయెదుట పెట్టుకొని, ఆ వరుస పైకి చదివితిని. అంతకు మించి నాకు మాట రాలేదు. అనేక సంవత్సరముల పిమ్మట నేను చేసిన మొదటి ఏకాంత ప్రార్థన ఆ రిజిస్టరు వరుసయే.

తరువాత ఒక దినమున గ్రీకు నిబంధన తీసి మత్తయి ఆరవ అధ్యాయము చూచితిని. ప్రార్థించువాడు వెళ్లవలసిన గదికి అక్కడ వాడిన మాట "తమేయోన్". ఇంటిలోపల సరకులు దాచుకొను కొట్టుగదికి ఆ పేరు. కాకులను గూర్చి ప్రభువు చెప్పిన మాటలలో, వాటికి కొట్టు లేదని లూకా 12వ అధ్యాయములో వ్రాసినచోటను ఇదే మాట ఉన్నది. ఆ దేశపు సామాన్యుల యిండ్లలో గడియ పెట్టుకొనుటకు వీలైన లోపలిగది అదియేనని వ్యాఖ్యాతలు చెప్పుదురు. మూలభాషలో నేను మంచి మార్కులు తెచ్చుకొన్నవాడనే! ఐనను ఆ మాట అర్థము ధాన్యపు బస్తాల నడుమ మోకాళ్లూనినగాని నాకు తెలిసినది కాదు. ప్రభువు మనలను అలంకరించిన స్థలమునకు పంపలేదు. కుండలును బస్తాలును ఉన్నచోటికి, చూచుటకు ఎవరును రాని చోటికి పంపెను. అక్కడ మన కంఠస్వరము వినుటకు మనుష్యులుండరు గనుక దాని మాధుర్యమునకు వెల లేదు. నిజము మాత్రమే చెల్లును.

వారము తిరుగకముందే ఆమె యింటికి మరల వెళ్లితిని. దారిలో రెండు పర్యాయములు బండి ఆపితిని. దేవునియెదుట ఒప్పుకొంటిని గదా, ఆమెతో చెప్పి ఆమె నిద్ర ఏల పాడుచేయవలెనని నా మనస్సు వాదించెను. శోధకుని మాటలు తరచుగా పరుల మేలు కోరు మాటలవలెనే ఉండును.

జ్వరము తగ్గి ఆమె అరుగుమీద కూర్చుండి చింతపండు గింజలు తీయుచుండెను. నేను ఆమె ప్రక్కన నేలమీదనే కూర్చుంటిని. ఆమె కంగారుపడి కుర్చీ తెచ్చుటకు లేవబోగా వద్దంటిని.

"అమ్మా, మీకు నేను అబద్ధం చెప్పాను. ఈ నాలుగేళ్లూ మీ అబ్బాయి కోసం నేను ప్రార్థన చెయ్యలేదు. చేస్తున్నానని చెప్పాను. నన్ను క్షమించండి."

ఆమె వ్రేళ్లు గింజలు తీయుచునే యుండెను. కొంతసేపటికి తల ఎత్తకుండ అడిగెను.

"ఒక్కసారి కూడా చెయ్యలేదా అయ్యగారూ?"

"ఒక్కసారి కూడా చెయ్యలేదమ్మా."

చాలసేపు మౌనముగా నుండెను. తరువాత, తనలో తాను అనుకొన్నట్లుగా, "అయితే ఇన్నాళ్లూ దేవుడొక్కడే మేలుకొని ఉన్నాడన్నమాట" అనెను.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నాలుగు సంవత్సరముల నా వేదాంతమంతటికంటె ఆ మాట పెద్దదిగా నాకు తోచెను. మేమిద్దరము నిద్రించితిమి, ఆమె నన్ను నమ్ముకొని నిద్రించెను, నేను నా మాటలను నమ్ముకొని నిద్రించితిని. కునుకనివాడు ఒక్కడే ఆ బిడ్డను కనిపెట్టియుండెను.

"మరి ఇప్పుడో?" అని ఆమె మరల అడిగెను.

"ఇప్పుడు చేస్తున్నానమ్మా."

"పేరు పెట్టేనా?"

"పేరు పెట్టే చేస్తున్నాను."

"నాదీ తప్పే అయ్యగారూ. మీరున్నారు కదా అని నా వంతు కూడా మీమీద పడేసి నిద్రపోయాను. ఇకనుంచి ఇద్దరం చేద్దాం. నా దగ్గర గడియారం లేదు. తొలికోడి కూసినప్పుడు లేస్తాను. మీరూ అప్పుడే లేవండి."

వెళ్లునప్పుడు ఆమె గుప్పెడు చింతపండు కాగితములో పొట్లము కట్టి, "అమ్మగారికివ్వండి" అని నా చేతిలో పెట్టెను. ఆ పొట్లము పుచ్చుకొన్నప్పుడు నేను క్షమింపబడితినని నాకు తెలిసెను.

తొలికోడి కూతను గూర్చి ఆమె యే భావముతోను చెప్పలేదు. నాకు మాత్రము ప్రధానయాజకుని యింటి ముంగిట మంట కాచుకొనిన పేతురు జ్ఞాపకమునకు వచ్చెను. అతని అబద్ధమును బయలుపరచిన కూత నన్ను ప్రార్థనకు లేపు గంటయాయెను. ఈ గంటను ఎవరును కొట్టనక్కరలేదు.

ప్రియులారా, ఏకాంత ప్రార్థన ఏల ఇంత అవసరమని అడుగువారికి మార్కు సువార్త మొదటి అధ్యాయము చూడుడని చెప్పుదును. కపెర్నహూములో అది విశ్రాంతి దినము. ఉదయమున సమాజమందిరములో బోధ. అపవిత్రాత్మ పట్టినవాని స్వస్థత. సీమోను అత్త జ్వరము. సూర్యుడు అస్తమించిన తరువాత పట్టణమంతయు వాకిట కూడివచ్చుట. అంతటి శ్రమ గడిచిన రాత్రి పిమ్మట, ఇంకను చీకటి యుండగానే ఆయన లేచి, అరణ్యప్రదేశమునకు వెళ్లి ప్రార్థించెను. మన యలసటయే మనకు సాకైనయెడల ఆయనకది మరింత సాకుగా నుండవలసినది. శిష్యులు ఆయనను వెదకికొని వచ్చి, అందరును ఆయనను వెదకుచున్నారని చెప్పిరి. పనివానికి అంతకంటె తీయని మాట వేరొకటి కలదా? ఐనను ఆయన ఆ జనసమూహమునొద్దకు మరలిపోక, ఇతర గ్రామములకు పోవుదమనెను. ఎచ్చటికి పోవలెనో, ఎచ్చటికి పోకూడదో ఆయన తండ్రియొద్ద తెలిసికొని వచ్చెను. ఏకాంతములో ప్రార్థింపని సేవకుడు ఎవరు పిలిచిన అటు పరుగెత్తును. తొమ్మిది గ్రామముల దారులలో నేను పరుగెత్తినట్లే.

మరి యెట్లు ప్రార్థింపవలెనని అడుగుదురేమో. 1535లో మార్టిన్ లూథరు ఈ ప్రశ్నకే ఒక చిన్న పుస్తకమును జవాబుగా వ్రాసెను. విట్టెన్‌బర్గులో ఆయనకు క్షౌరము చేయు పేతురు అను స్నేహితుడు ఎట్లు ప్రార్థింపవలెనని అడుగగా, అతని నిమిత్తము వ్రాసినది అది. తనకును ఇతర పనులచేతను తలంపులచేతను ప్రార్థన చల్లబడు దినములు కలవని ఆ పెద్దాయన దానిలో దాపరికము లేక ఒప్పుకొనెను. అట్టి సమయములలో కీర్తనల గ్రంథము తీసికొని గదికి త్వరపడి, పది ఆజ్ఞలను, విశ్వాస ప్రమాణమును పిల్లవానివలె వల్లించుకొందునని చెప్పెను. ప్రార్థన ఉదయమున మొదటి పనిగాను, రాత్రి కడపటి పనిగాను ఉండవలెననియు, "ఇదిగో, ఈ పని ముగించుకొని ఒక గంటలో ప్రార్థింతును" అను తలంపును నమ్మవద్దనియు హెచ్చరించెను. మంచి క్షురకుడు తన కంటిని కత్తిమీదనే నిలుపును గాని, ముచ్చట్లలో పడి కన్ను త్రిప్పినయెడల ముక్కో గొంతో తెగును; ప్రార్థనకును అట్టి ఏకాగ్రత కావలెనని అతని పనినుండియే అతనికి నేర్పెను.

ప్రతి ఆజ్ఞను నాలుగు పేటల దండగా అల్లుకొందునని లూథరు ఆ పుస్తకములో చెప్పును. దీనినుండి దేవుడు నాకు ఏమి బోధించుచున్నాడు? దీనికొరకు ఆయనకు ఏమని స్తోత్రము చెల్లింపవలెను? దీనియందు నేను ఒప్పుకొనవలసిన పాపమేమి? ఇప్పుడు నేను అడుగవలసిన విన్నపమేమి? ఈ నాలుగు పేటలు నాకెంతో సహాయపడినవి. మనస్సు పరుగెత్తుచున్న దినమున ఒక్క వచనము తీసికొని ఈ నాలుగు ప్రశ్నలు అడుగుకొనిన చాలును. ఆ అల్లికలో ఆత్మ హృదయముతో మాటలాడ మొదలుపెట్టినయెడల తక్కినవి విడిచి ఊరకుండి వినవలెనని కూడ ఆయన చెప్పెను.

ఆ క్షురకుని కథకు దుఃఖకరమైన తరువాయి ఉన్నది. ఆ సంవత్సరమే అతడు భోజనపు బల్లయొద్ద తన అల్లుని కత్తితో పొడిచి చంపెను. లూథరు మున్నగువారు అతని పక్షమున మనవి చేయగా మరణశిక్ష తప్పి, దేశమునుండి వెళ్లగొట్టబడెను. ప్రార్థనను గూర్చిన ఒక గొప్ప పుస్తకము ఎవని పేర వ్రాయబడెనో వానికే ఇట్లు జరిగెను. అతనికి తీర్పు తీర్చుటకు నేనెవడను? నాయొద్దను గ్రీకు నిబంధన ఉండెను గదా! చేతిలోని పుస్తకము మన బదులు మోకాళ్లూనదు. ఐనను, పడిపోయిన వాని పక్షమున మనవి చేయుటకు ఒక స్నేహితుడు మిగిలియుండెననుట నాకు ఓదార్పుగా నున్నది.

"అయ్యగారూ, మాకు వేరే గది ఎక్కడిది? ఒక్క గదిలో ఆరుగురము" అని చెప్పు సోదరీమణులు అనేకులు. వారికి మా అమ్మను గూర్చి చెప్పెదను. మాదియును ఒక్క గది ఇల్లే. పొయ్యి, మంచము, మేకపిల్ల అన్నియు అందులోనే. తెల్లవారకముందు అమ్మ వెలిగింపని పొయ్యియెదుట కూర్చుండి, కొంగు నెత్తిమీదుగా ముఖముమీదికి లాగుకొనెడిది. చీకటిలో కన్ను తెరచిన నాకు ఆ ముసుగు మాత్రమే కనబడెడిది. ముసుగు తీయువరకు అమ్మను పిలువకూడదని మాకు ఎవరును చెప్పలేదు. ఐనను ఏ బిడ్డయు పిలిచెడిది కాదు. తరువాత అగ్గిపుల్ల గీయు చప్పుడు. పొయ్యి వెలుగులో తడిసిన కొంగు అంచు. ఇంగ్లండులో ఎప్‌వర్తు పాస్టరు భార్యయు, జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీలను కనిన తల్లియునైన సుసన్నా, పిల్లలతో నిండిన ఆ యింటిలో తన ఏప్రను తలమీదికి కప్పుకొని ప్రార్థించెడిదని చెప్పుదురు. మా అమ్మకు ఆమె పేరు తెలియదు. ఇద్దరును ఒకే గదిని కనుగొనిరి. ప్రభువు అడిగిన తలుపు కొంగంత పలుచనిదైనను చాలును. దానిని వేసికొనుట ముఖ్యము.

నేను అనుసరించుచున్న కొద్దిపాటి క్రమమును వ్రాసెదను, ఎవరికైన ఉపయోగపడవచ్చును. ఒక చిన్న నోటుపుస్తకము పెట్టుకొంటిని. ఎవరైనను ప్రార్థింపుమని అడిగినయెడల వారి యెదుటనే పేరు వ్రాసికొందును. వ్రాయకుండ "ప్రార్థిస్తాను" అను మాట నోట రానీయను. వీలైనయెడల అక్కడనే నిలుచుండి రెండు మాటలు ప్రార్థింతును. అర్తహషస్త రాజు ప్రశ్న వేయగా నెహెమ్యా జవాబు చెప్పకముందే పరలోకపు దేవుని ప్రార్థించెను గదా. అట్టి క్షణమాత్రపు ప్రార్థన, నెలల తరబడి ఉపవాసముతో ఏకాంతముగా ప్రార్థించినవానికి గనుక వెంటనే అందివచ్చెను. తెల్లవారుజామున సెల్‌ఫోను వేరొక గదిలో ఉండును. నిద్ర వచ్చిన దినమున నడచుచు ప్రార్థింతును. ఏమియు తోచని దినమున పేర్లు మాత్రము చదివి లేతును. ఎండిపోయిన దినములు ఇప్పటికిని వచ్చును. ఐనను ఎండిన దినమున తలుపు వేసికొని కూర్చుండుటయు ప్రార్థనయేనని నేర్చుకొంటిని.

మీరు అడుగదలచిన ప్రశ్న నాకు తెలియును. ఆ కుమారుడు తిరిగి వచ్చెనా?

రాలేదు. ఆ తల్లి మరి 14 నెలలు జీవించెను. ఆ 14 నెలలును తొలికోడి కూతకు ఆమె అక్కడను, నేను ఇక్కడను లేచితిమి. ఆదివారమున గుమ్మమునొద్ద ఆమె "మరిచిపోకండి" అని చెప్పుట మానివేసెను. "లేచారా?" అని అడిగెడిది. "లేచానమ్మా" అని చెప్పెడివాడను. లేవని దినమున లేవలేదని చెప్పెడివాడను. సమాధియొద్ద మొదటి పిడికెడు మన్ను వేయవలసిన బిడ్డ లేడు, నేనే వేసితిని. ఇది వ్రాయుచున్న నేటివరకును అతని కబురు నాకు తెలియదు. అతని పేరు నా నోటుపుస్తకములో మొదటి పుటలో మొదటి వరుసలోనే ఉన్నది.

జవాబు కనబడనప్పుడు నేను ఒంగోలు కొండను జ్ఞాపకము చేసికొందును. 1854వ సంవత్సరము జనవరి 1వ తేదీ తెల్లవారుజామున లైమన్ జూయెట్ మిషనెరీయు, ఆయన భార్యయు, కొద్దిమంది విశ్వాసులును ఆ కొండ యెక్కి, క్రింద కనబడు ఊళ్ల నిమిత్తము మోకాళ్లూనిరి. వారిని చూచినవారెవరు? జాన్ క్లౌ ఒంగోలు వచ్చి కాపురముండుటకు 1866వ సంవత్సరము పట్టెను. గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందినది 1878 జూలై 3న. కొండకును ఏటికిని నడుమ 24 సంవత్సరములు. ఏటిని గూర్చి చరిత్రకారులు వ్రాసిరి. నడిమి సంవత్సరముల తెల్లవారుజాములను వ్రాసినవారు లేరు. అవి తండ్రికి మాత్రమే తెలియును.

మొన్న తొలికోడి కూతకు లేచినప్పుడు, ఇద్దరము చేసిన ప్రార్థన ఇప్పుడు ఒంటరిగా చేయుచున్నానే అని దిగులు కలిగెను. తలుపు వేసికొని కూర్చున్న తరువాత ఆ దిగులు సరికాదని తోచెను. తండ్రి కుడిపార్శ్వమున మనకొరకు విజ్ఞాపన చేయువాడు నిత్యము జీవించుచున్నాడు. మూసిన గదిలో ఎప్పటికిని మనము ఇద్దరమే. మనము లేవకముందే ఆయన ఆ పేరు పలుకుచుండును.

చదువరీ, ఈ వారము నీవు ఎవరితోనో "నీకొరకు ప్రార్థించుచున్నాను" అని చెప్పియుందువు. ఈ పత్రికను ప్రక్కన పెట్టుము. కొట్టుగదియో, పొయ్యి ముందరి చోటో, కొంగు ముసుగో, నీకున్న గదిలోనికి పొమ్ము. తలుపు వేసికొని ఆ ఒక్క పేరు చెప్పుము.

మేలుకొనియున్నవానితో కూడ మేలుకొనియుండు కృపను ప్రభువు మనకందరికిని దయచేయును గాక. ఆమేన్.